కరెంటు అద్దెలోనే

చెంచయ్య గారి కళ్లలో కారం కొట్టింది నేనే. పోలీసులకీ అదే చెప్పాను. ఎందుకు కొట్టానో మాత్రం సగమే చెప్పాను.

మావి మూడో అంతస్తులో రెండు గదులు. కరెంటు, నీళ్లు అద్దెలోనే అన్నారు. మా ఆయన నాగూర్ వలి ఆటో నడుపుతాడు. ఆడపడుచు మెహర్ జాకెట్లకి మగ్గం వర్క్ చేస్తుంది. నాకు తొమ్మిది నెలల పాప. ఖాళీగా కూర్చుంటే నాకు తోచదు. సెకండ్ హ్యాండులో కారం పట్టే మిషను ఒకటి కొని వంటగదిలో పెట్టాను. కరెంటు మనది కాదుగా! ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారని ఊరికే అనలేదు.

చెంచయ్య గారిది తుళ్లూరు. పొలం రాజధానికిచ్చి గుంటూరులో ఈ ఇల్లు కట్టారు. పొలం పోయినా కాపలా బుద్ధి పోలేదు. కింద మీటర్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. పైన మిషను మోత వినబడితే చాలు, "ఏం ఖైరున్నీసా, ఇల్లు ఇచ్చింది కాపురానికా, ఫ్యాక్టరీకా?" అని కేకేసి మా ఫ్యూజు పీకేసేవారు. నేను పైనుంచి తిట్టేదాన్ని, ఆయన కిందనుంచి తిట్టేవారు. సరిగ్గా గంటకి మళ్లీ పెట్టేవారు.

ఆ రోజు ఒక పెళ్లివారికి సాయంత్రంకల్లా పది కిలోల కారం ఇవ్వాలి. సరిగా ఎండని కాయలు లోపల ఇరుక్కుని మిషను మొరాయించింది. అప్పుడే కింద ఆయన ఫ్యూజు పీకేశారు. మే నెల ఎండ. ఫ్యాను ఆగగానే పాప గుక్కపట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"వదినా, మిషను స్విచ్ ఆపెయ్యనా?" అంది మెహర్.

"ఉండనీవే. ఆ ముసలాడి సంగతి నాకు తెలీదా? గంటదాకా పెట్టడు. ఈలోపు మూత తీసి ఇరుక్కున్నవి లాగు" అని పాపని ఎత్తుకున్నాను.

మెహర్ కుడిచెయ్యి లోపల పెట్టింది. ఐదు నిమిషాలు కూడా కాలేదు. ఫ్యాను తిరిగింది. మిషనూ తిరిగింది.

నేను ప్లగ్గు పీకేసరికి దాని రెండు వేళ్లు లేవు. మూడోది తోలుకి వేలాడుతోంది. తెగినచోట కారం. మెహర్ అరిచిన అరుపు మనిషి అరుపులా లేదు. పాపని చాప మీద పడుకోబెట్టి, దాని చేతికి నా చీరకొంగు చించి చుట్టాను. గుప్పెడు కారం తీసుకుని మెట్లు దిగాను.

"మా పిల్ల చెయ్యి తిన్నావు కదరా!"

కుర్చీలోంచి లేవబోతుంటే కళ్లలో కొట్టాను. ఆయన కెవ్వుమని కిందపడ్డారు. చెప్పు తీసి మొహం మీద, తల మీద కొట్టాను. మెట్టు అంచు తగిలి నుదురు పగిలింది. నాకు అది చాల్లేదు. అప్పుడే భోజనానికి వచ్చిన మా ఆయన జుట్టు పట్టి లాగితే గానీ వదల్లేదు.

ఉన్నది ఒకటే ఆటో. ఇద్దరినీ అందులోనే ఎక్కించాం. పైనున్న పాపని చెంచయ్య గారి భార్య శివపార్వతమ్మే తెచ్చి చంకనేసుకుంది.

ఆటోలో ఆయన కళ్ల మీద తడి తువ్వాలు అదుముకుని కూర్చున్నారు. నెత్తురు మెడ మీదికి కారుతోంది.

"పిల్ల చెయ్యి ఎట్టా ఉందమ్మా?" అన్నారు.

నేను మెహర్ చేతి కట్టు ఇంకాస్త బిగించాను.

"చంటిది గుక్కపట్టడం వినబడింది. పాపం, ఉక్కకి తట్టుకోలేదని ఫ్యూజు పెట్టేశా. అయినా మిషను స్విచ్ ఆపుకోలేదా మీరు?"

ముందు అద్దంలో మా ఆయన కళ్లు నన్నే చూస్తున్నాయి.

నా ఒళ్లో తల పెట్టుకున్న మెహర్ పళ్లబిగువున అంది: "నేనే మర్చిపోయా బాబాయ్ గారూ."

కాదనడానికి నాకు ఆసుపత్రి గేటుదాకా టైముంది. కాదనలేదు.

ఇప్పుడు మెహర్ ఎడంచేత్తో మగ్గం సూది పట్టడం నేర్చుకుంటోంది. సూది జారినప్పుడల్లా మా ఆయన "ఆ రోజు స్విచ్ ఆపి ఉంటే ఈ ఖర్మ ఉండేది కాదుగా!" అని దాన్నే విసుక్కుంటాడు. అది తలొంచుకుని మళ్లీ సూది తీసుకుంటుంది. నేను లేచి వంటగదిలోకి వెళ్లిపోతాను.