రాతి మలుపు దగ్గర

తాం క్రసే స్టేషన్‌లో మూడో తరగతి పెట్టె దిగేసరికి పైడయ్యకి నడుం పట్టేసింది. సరిహద్దు అవతల పేరక్‌లోని రబ్బరు ఎస్టేటు నుంచి ఇక్కడికి బస్సులూ రైళ్లూ మారుతూ మూడు రోజుల ప్రయాణం. నిన్న ఈ రైలుదారి మ్యూజియంలో గంటసేపు వెతికినా పెదనాన్న పేరు కనబడలేదు. యుద్ధకాలంలో జపాన్‌వాళ్లు తోటల నుంచి ఈ రైలుదారి పనికి పట్టుకొచ్చిన కూలీల పేర్లు ఎవరు రాసుకున్నారు గనక?

అక్క సూరమ్మకి డెబ్బై రెండేళ్లు. కొండకి అతుక్కున్న కర్రల రైలు వంతెన మీద ముందు ఆవిడే నడుస్తోంది. కింద నది.

"మెల్లగా నడవే అప్పా."

"ఆ రాతి మలుపు కాడేరా కేంపు. నాన సెప్పినాడు. అక్కడే నానతో పాటు పనిసేసిన మన పెదనానకి కలరా వచ్చింది."

సగం దూరం వెళ్లేసరికి ఆవిడ కాలు జారి, రెండు దుంగల మధ్య చీలమండ దాకా దిగబడింది. పైడయ్య వంగి లాగాడు. రాలేదు. అదే సమయానికి మలుపు అవతల రైలు కూత వినిపించింది. ఈ వేళకి రైలు లేదని టీ కొట్టువాడు చెప్పాడే. ఆలస్యమైన బండి కాబోలు.

తప్పుకుని నిలబడే చెక్క అరుగు పది అడుగుల దూరంలో ఉంది.

"నువ్ పోరా. నన్నొగ్గీ."

"నోర్మూసుకో. మడమ ఎత్తు."

పట్టాలు సన్నగా వణకసాగాయి. అతను ఆవిడ చెప్పు పట్టీ తెంపి, పాదాన్ని పక్కకి తిప్పి పైకి గుంజాడు. చర్మం గీరుకుపోతూ కాలు బయటికొచ్చింది. ఆవిణ్ణి చంకలు పట్టి ఈడ్చి, అరుగు మీద పడేసి, రెండు చేతులా కమ్మీ పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. రైలు అతని వీపు పక్కనుంచి నెమ్మదిగా, ఎంతకీ తరగనట్టు వెళ్లింది.

చప్పుడు దూరమయ్యాక కూడా సూరమ్మ అతని చొక్కా వదల్లేదు.

"నాన ఒగ్గీసినాడురా," అంది.

"ఎవుల్ని?"

"పెదనానని. ఆయన సచ్చిపోయాకే పారిపోనానని నాన నీతో అనీవోడు. అబద్ధం. అప్పటికి పెదనాన ఇంకా మాటాడతన్నాడట. నీళ్లిమ్మని అడిగినాడట. తెచ్చిస్తానని సెప్పి, నాన అటే ఎలిపోనాడు. సావుమంచం మీద నాకొక్కదానికే సెప్పినాడు."

"ఇన్నేళ్లూ నాకెందుకు సెప్పనేదు?"

"నువ్ నానని దేవుణ్ణి సూసినట్టు సూసీవోడివి."

పైడయ్య ఆనాటి నాన్నని ఊహించుకున్నాడు. పదహారేళ్ల కుర్రాడు, ఒంటి మీద గోచీ, చుట్టూ అడవి. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తోచలేదు. అక్క మడమ నుంచి రక్తం కారి చెక్క మీద పడుతోంది. జేబురుమాలు తీసి గట్టిగా కట్టాడు.

"ఎనక్కెలిపోదామేట్రా?" అడిగింది సూరమ్మ.

అతను మలుపు వైపు చూశాడు. సంచీలో నీళ్ల సీసా సగం ఉంది.

"నా భుజం పట్టుకో," అన్నాడు. "ఆ నీళ్లేవో మనం ఇచ్చొద్దాం."