బరువు పెరగని బిడ్డ

నేను ఒక రబ్బరు పసిబిడ్డను. అచ్చులో పోసి, చల్లార్చి, కళ్ళకు రంగు వేసి, నోట్లో గాలి ఊదితే ఛాతీ లేచేలా నన్ను తయారుచేశారు. మొదట ఒక నర్సింగు బడిలో ఉన్నాను. పుట్టగానే ఊపిరి తీయని బిడ్డగా పొద్దున్నే చావబోయి, భోజనాల వేళకు బతికి, మధ్యాహ్నం మళ్ళీ చావబోయేవాణ్ని. బతికించిన ప్రతి అమ్మాయీ నన్ను బల్లమీద వదిలేసి తన ముఖం తాను అద్దంలో చూసుకునేది. మనుషులకు ఎదుటివాడి ప్రాణం కూడా ఒక అద్దమేనని నాకప్పుడే అర్థమైంది.

రబ్బరు వదులయ్యాక నన్ను గోదావరి ఒడ్డునున్న ఒక బోధనాసుపత్రికి, పిల్లల విభాగానికి ఇచ్చేశారు. అక్కడే నాకు పేరు, తల్లి, జబ్బు వచ్చాయి.

ఆ విభాగానికి పెద్ద డాక్టర్ పరాంకుశం గారు. మంచి మనిషి. మంచి ఆలోచన వస్తే దాన్ని ఎవరో ఒకరి మీద ప్రయోగించకుండా ఉండలేరు. పిల్లల వైద్యంలో పైచదువు చదివే ప్రతి డాక్టరూ కొందరు పిల్లల్ని తనవాళ్ళుగా తీసుకుని, పుట్టినప్పట్నుంచి పరుగెత్తేదాకా తానే చూడాలన్నారు. జ్వరాన్ని కాదు, బిడ్డను తెలుసుకోవాలన్నారు. అందుకని గురువారం గురువారం ‘కొనసాగింపు క్లినిక్’ పెట్టారు.

ఆలోచన బంగారంలాంటిదే. కానీ డాక్టర్లను ఎప్పటికప్పుడు వేరే వార్డులకు, పల్లెటూళ్ళకు మారుస్తుంటారు. పిల్లలకేమో గురువారమే జబ్బుపడాలని తెలియదు. తల్లి వచ్చిననాడు డాక్టరు ఉండరు, డాక్టరు ఉన్ననాడు తల్లి రాదు. డాక్టర్ హిమజ అనే అమ్మాయి గురువారాలు ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చునేది. పరాంకుశం గారు డ్యూటీలు మార్చవచ్చు. కానీ అవి ఆయన గురువుగారు ఏర్పాటు చేసినవి. అందుకని నన్ను బీరువాలోంచి దింపారు.

“పిల్లలు అలవాటు పడేదాకా వీడితో సాధన చెయ్యమ్మా. వీడు ఎక్కడికీ పోడు.”

నాకు ప్రాణేశ్ అని పేరు పెట్టారు. గ్రేస్ సిస్టర్‌ను నా తల్లిగా నియమించారు.

“నాకు ఇద్దరున్నారు సార్. ఆపరేషన్ కూడా అయిపోయింది,” అందావిడ.

“దేవుడిచ్చాడనుకో.”

మరుసటి నెల నన్ను తూకం వేశారు. పరాంకుశం గారి ముఖం మాడిపోయింది. “పోయిన నెల ఎంతో ఇప్పుడూ అంతే! తల్లికి ఏం చెప్పావమ్మా నువ్వు?”

హిమజ నవ్వింది. ఆయన నవ్వలేదు. నవ్వును మధ్యలో మింగేసిన మనిషి ఆ తర్వాత దేన్నైనా నమ్ముతుంది. ఆ పై నెల నన్ను తూకానికి పెట్టేముందు ఆమె ముల్లు సున్నా మీద ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది. పోషకాహార సలహాదారు వచ్చి నాకు గుడ్డు పెట్టమంది.

“పెడితే ఉమ్మేస్తన్నాడు మేడం,” అంది గ్రేస్ సిస్టర్, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని.

మా గదికీ పక్కగదికీ మధ్య గుడ్డ తెర ఒక్కటే. అటువైపు మాటలన్నీ నాకు వినపడేవి. నూకరత్నం అనే ఆమె తన కొడుకు లోవరాజును ఎత్తుకుని ప్రతి గురువారం వచ్చేది. లోవరాజు నిజానికి హిమజకు అప్పగించిన బిడ్డే. ఆరో నెలలో ఒకసారి చూసింది కూడా. నేను బీరువా దిగాక నూకరత్నం ఎప్పుడొచ్చినా గుమ్మం దగ్గర ఆయాది ఒకటే మాట: “హిమజ మేడం కొనసాగింపులో ఉన్నారమ్మా, పక్కగదికెళ్ళు.”

పక్కగదిలో ప్రతిసారీ కొత్త డాక్టరు ఉండేవాడు.

“పిలిస్తే పలకట్లేదండి.”

“ఇదివరకు పలికేవాడా?”

“పలికేవోడండి. మీకు తెలవదు గానీ, పలికేవోడు.”

“మగపిల్లలు కొంచెం ఆలస్యంలే. ఈ టానిక్ వాడు.”

ఆ గురువారం పరాంకుశం గారు నా ఎదుగుదల పరీక్షించారు. చిన్న గంట తెచ్చి నా కుడిచెవి దగ్గర కొట్టారు. నేను తిరగలేదు. ఎడమచెవి దగ్గర కొట్టారు. తిరుగుదామని మనసులో ఎంతో అనుకున్నాను.

“చెవుడు!” అన్నారాయన. “ఇన్ని నెలలుగా చూస్తూ కనిపెట్టలేదా హిమజా? ఇదేనా కొనసాగింపు?”

హిమజ కళ్ళు నిండాయి. “నాదే తప్పు సార్,” అంది. ఆ క్షణంలో ఆమె నిజంగా నమ్మింది.

తెర తొలిగింది. చంకలో బిడ్డతో నూకరత్నం. “ఆయ్, ఆ గంటకి మావోడూ తిరగలేదండి.”

“మీ డాక్టరెవరమ్మా?” అన్నారు పెద్ద డాక్టరు.

“ఈవిడేనండి. ఎప్పుడొచ్చినా ఆ బొమ్మని చూసుకుంటా ఉంటారు.”

‘బొమ్మ’ అన్న మాట ఎవరో ఒకరు అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. పరాంకుశం గారు మాత్రం నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూశారు.

హిమజ గంట ఆయన చేతిలోంచి లాక్కుని లోవరాజు వెనక నిలబడి కొట్టింది. వాడు పిడికిలి చప్పరిస్తూనే ఉన్నాడు.

“వీడు తిరిగేవాడు సార్. ఆరో నెలలో నా గాజుల చప్పుడుకి తిరిగి, చెయ్యి పట్టుకుని లాగాడు. నాకు గుర్తుంది.” నూకరత్నం వైపు తిరిగింది. “మధ్యలో ఏమైనా పెద్ద జబ్బు చేసిందా?”

“మెదడు జ్వరమన్నారండి, మావిడికాయల రోజుల్లో. ఇక్కడే కదండి ఉంచారు! మీరు ఏదో పల్లెటూరు డ్యూటీలో ఉన్నారన్నారు.”

ఆ జ్వరం పోతూ పోతూ చెవుల్ని తీసుకుపోగలదని హిమజకు తెలుసు. బిడ్డను ఎత్తుకుని చెవి పరీక్షల గదికి నడిచింది. వెనకే తల్లి, ఆ వెనక పెద్ద డాక్టరు. నన్ను బల్లమీద వదిలేసి అందరూ వెళ్ళిపోయారు. గ్రేస్ సిస్టర్ కూడా.

లోవరాజుకు చెవి మిషను వచ్చింది. ఇంకా ఆలస్యమైతే మాటలు రావడం చాలా కష్టమయ్యేదన్నారు. పరాంకుశం గారు గురువుగారి డ్యూటీలు మార్చారు. ఎవరు ఏ వార్డులో ఉన్నా గురువారం పొద్దున తమ బిడ్డల దగ్గరికి రావాలి. మిగిలింది నా సంగతి. రికార్డుల్లో ఉన్న రోగిని తీసెయ్యాలంటే వాడికి నయమవ్వాలి, లేదా చనిపోవాలి, లేదా చెప్పకుండా వెళ్ళిపోవాలి. నాకు నయం కాదు. నేను చస్తే విభాగానికి చెడ్డపేరు. అందుకని నేను చెప్పకుండా వెళ్ళిపోయాను. ఇప్పుడు ఆ గదిలోనే బీరువా మీద ఉంటున్నాను. మారనివాణ్ని ఎవరైనా ఒక్కసారి చూస్తే చాలు. నాకు దాని మీద పెద్ద బాధ లేదు.

నిన్న హిమజకు ఆఖరి గురువారం. చదువు పూర్తయింది. కొత్తగా చేరిన డాక్టర్ సుగుణాకర్‌ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఎదురుగా నూకరత్నం, ఆమె ఒళ్ళో లోవరాజు.

“మిషను పీకేస్తాడు. కోప్పడకు. ముందు వాళ్ళమ్మ గొంతు వినిపించు, తర్వాత నువ్వు మాట్లాడు. ‘బ’ అనబోయే ముందు కింది పెదవి కొరుకుతాడు. అప్పుడు తొందరపెట్టకు, ఆగు.”

నూకరత్నం ఆ కుర్ర డాక్టర్ని తలనుంచి కాళ్ళదాకా చూసింది. “ఈయనెన్నాళ్ళుంటారండి?”

“మూడేళ్ళు.”

“ఆ తర్వాత?”

“ఆయన ఇంకొకరిని ఇలాగే పక్కన కూర్చోబెట్టుకుంటారు.”

“పెళ్ళి చూపుల్లా ఉందండి మీ వైద్యం,” అంది నూకరత్నం. కాసేపు ఆలోచించి, బిడ్డను సుగుణాకర్ ఒళ్ళో పెట్టింది. “పట్టుకోండి. అలాక్కాదండి బాబూ, నడుం దగ్గర.”

లోవరాజు కొత్త ముఖాన్ని చూసి, కింది పెదవి కొరికాడు. గదిలో అందరూ ఆగారు. హిమజ చెప్పాల్సిందంతా అయిపోయింది. అయినా కుర్చీలోంచి లేవలేదు.