మంగళవారం సముద్రం

అబెనా దుఫియే ఆస్పత్రిలో మంత్రసాని కొలువు నుంచి విరమణ పొందినప్పుడు, ఆమెకు ఏం కానుక ఇవ్వాలన్న దాని మీద ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. బంగారు గనుల ఊరు ప్రెస్టియాలో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే. గనిలోకి దిగే కుర్రాళ్ల దగ్గర్నుంచి సంతలో టమాటాలు పోసుకుని కూర్చునే ఆడవాళ్ల దాకా ఎవరు ఎదురుపడినా "ఆంటీ దుఫియే" అని ఆగి పలకరించాల్సిందే. ఫ్రిజ్ కొందామన్నాడు అన్న అంపోన్సా. చెల్లెలు పొకువాకి సంతలో బట్టల కొట్టుంది. వీధి పొడవునా షామియానాలు వేసి, అందరికీ ఒకే రకం బట్ట కుట్టించి, భోజనాలు పెట్టాలని ఆమె పట్టుబట్టింది. ఎటూ తేలక చివరికి దుఫియేనే అడిగారు.

తనకు ఫ్రిజ్ వద్దని, షామియానాలూ వద్దని ఆమె చెప్పింది. అహంతా తీరంలో అంక్వాయే అని చిన్న ఊరుందట. ఆ ఒడ్డున ఒక పగలంతా కూర్చుని రావాలని ఉందట.

"ఎవరితో?" అన్నాడు అన్న.

"ఎవరితోనూ కాదన్నయ్యా. ఒక్కదాన్నే."

"అక్కడ ఏముంది?"

"ఏమీ లేదట. అందుకే."

పొకువా నవ్వాపుకోలేకపోయింది. "ఈ వయసులో సముద్రంలో మొగుణ్ణి వెతుక్కుంటావా అక్కా? ఆ నీళ్లలో ఉండేది ఆడదెయ్యం. అది మొగుళ్లని లాక్కుపోయే రకమే గానీ ఇచ్చే రకం కాదు" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. దుఫియే కూడా నవ్వింది. నవ్వి, ఎప్పుడు వెళ్లమంటారని మళ్లీ అడిగింది.

అంక్వాయే మాట ఆమె చెవిన పడింది చాలా ఏళ్ల కిందట. మామె ఎకుబా అని, గని కూలీ భార్య, కాన్పుకి వచ్చింది. గంటలు గడుస్తున్నా బిడ్డ కిందికి దిగలేదు. మనిషి భయంతో బిగుసుకుపోతుంటే, ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండమని దుఫియే చెప్పింది. ఎకుబా తన పుట్టింటి గురించి మొదలుపెట్టింది. ఇటు మడుగు, అటు సముద్రం, మధ్యలో సన్నటి ఇసుక పట్టీ. మంగళవారం సముద్రానికి సెలవు. ఆ రోజు పడవ కదలదు, వల తడవదు, ఎవరూ నీళ్లలో కాలు పెట్టరు. ఆ ఒడ్డున కూర్చుంటే అలల చప్పుడు తప్ప మరేదీ వినపడదనీ, కాసేపటికి అదీ వినపడదనీ నొప్పుల మధ్య చెప్పుకొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డలు క్షేమంగా ఇంటికి వెళ్లిపోయారు గానీ ఆ ఇసుక మాత్రం దుఫియే మనసులోనే ఉండిపోయింది.

ఆమె ఇంటి వెనకే బంగారు రాయిని పిండి కొట్టే మిషన్లున్నాయి. తెల్లారింది మొదలు వాటి మోత. ఆస్పత్రికి వెళ్తే కేకలు, ఏడుపులు, ఇనుప మంచాల చప్పుళ్లు, జనరేటరు రొద. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు గుమ్మం దగ్గర నిలబడి పిలవడమే. చప్పుళ్ల మీద ఆమెకు విసుగు లేదు, అవి ఆమె బతుకు. ఒక్కసారి అవేవీ లేని చోట కూర్చోవాలని మాత్రం గట్టిగా అనుకుంది.

అన్న వద్దనలేదు. వానలు తగ్గాక చూద్దామన్నాడు. వానలు తగ్గితే కోకో కోతలయ్యాక అన్నాడు. ఆ తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. కొలువు దిగిన ఇంటి ఆడపడుచు ఒంటరిగా ఎక్కడో ఊరు కాని ఊరికి వెళ్తే, వీళ్లు తరిమేశారనైనా అంటారు, లేకపోతే ఏ క్షుద్రపూజకో వెళ్లిందనైనా అంటారు. దుఫియే అంతా విని, అన్నం తిని, చెయ్యి కడుక్కుంది. "ఏమన్నా అననీ అన్నయ్యా. వాళ్లు పుట్టినప్పుడు ఎలా ఏడ్చారో నాకు తెలుసు" అని లేచింది.

అక్క మనసు మారదని తెలిశాక పొకువా ఆ పనిని తన చేతుల్లోకి తీసుకుంది. చర్చిలో ఆడవాళ్ల సంఘానికి ఆమే పెద్ద. అక్కని ఒక్కదాన్నే పంపితే మాట వస్తుంది కాబట్టి సంఘమంతా కలిసి వెళ్లాలని తీర్మానించింది. బస్సు మాట్లాడారు. బస్సు అన్నాక పాటలు కావాలి, పాటలన్నాక స్పీకర్లు కావాలి. జొలోఫ్ అన్నం వండే ఆవిడ పెద్ద డేగిసాలు సిద్ధం చేస్తానంది. ఒడ్డున ప్రార్థన జరిపించడానికి పాస్టరుగారు ఒప్పుకున్నారు. అంక్వాయే దారిలో అంత బస్సు పట్టదని తేలింది. సరే, తారు రోడ్డున్న టకొరాడీ ఒడ్డుకే పోదాం, అక్కడ కూల్ డ్రింకులూ, కుర్చీలూ అన్నీ దొరుకుతాయన్నారు. మంగళవారం ఎవరికీ కుదరదు, శనివారం అనుకున్నారు.

ఇదంతా చర్చి వెనక గదిలో చప్పట్ల మధ్య తేలిపోయాక దుఫియే లేచి నిలబడింది. తన కోసం ఇంత చేస్తున్నందుకు అందరికీ పేరు పేరునా చేతులెత్తి దండం పెట్టింది. శనివారం తనూ వస్తానని, పాటలు పాడతానని, జొలోఫ్ తింటానని చెప్పింది.

"అది మీ ప్రయాణం. నాది ఇంకోటుంది. దానికి మంగళవారమే వెళ్తాను" అంది.

పొకువా ముఖం మాడిపోయింది. ఇంత మందిలో తన పరువు తీసిందని ఇంటికొచ్చి గొడవ చేసింది. నువ్వెప్పుడూ ఇంతే, మేం పెట్టింది నీకు నచ్చదు అంది. ఆ తర్వాత మాటలు మానేసింది. శనివారం బస్సులో అక్కకి రెండు సీట్ల ముందు కూర్చుని ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. టకొరాడీ ఒడ్డున స్పీకర్లు మోగుతుంటే దుఫియే అందరితో కలిసి నిజంగానే పాడింది.

ఆ మర్నాటి నుంచే తన పని మొదలుపెట్టింది. మామె ఎకుబా పోయి కొన్నేళ్లయింది. ఆ రోజు పుట్టిన కూతురు ఎసువా ఇప్పుడు బస్టాండులో మొక్కజొన్న కెంకీ ముద్దలు అమ్ముతోంది. ఆమెను అడిగితే మేనమామ నానా బైదూ ఫోను నంబరు ఇచ్చింది. అంక్వాయేలో పడవల వాళ్లందరికీ ఆయనే పెద్ద. కొబ్బరిచెట్ల కింద ఒక మూల తప్ప ఆ ఊళ్లో ఫోను పలకదు కాబట్టి దొరికేదాకా చేస్తూ ఉండాలి. దుఫియే చేస్తూనే ఉంది. ఒకనాడు దొరికాడు. ఎవరైనా పోయారా అని ముందు అడిగాడు. కాదంది. పెళ్లా? కాదంది. ఊరికే వచ్చి ఒడ్డున కూర్చుంటానంది.

అవతల గాలి హోరుని మించి ముసలాయన గొంతు పెంచాడు. "ఊరికే కూకోడానికా? అంత దూరం నుంచీ? మీ ఊళ్లో కూకోడానికి చోటు లేదా ఏటమ్మా?"

"ఉంది నానా. చప్పుడు ఎక్కువ."

ముసలాయన ఆలోచించి, రమ్మన్నాడు. సముద్రానికి సమర్పించడానికి ఒక ష్నాప్స్ సారా సీసా తెచ్చుకోమన్నాడు. మంగళవారం ఒడ్డున ఎంతసేపైనా కూర్చోవచ్చు గానీ వేలు కూడా తడవకూడదన్నాడు. అంత దూరం వెళ్లి నీళ్లు ముట్టకుండా రావడం దుఫియేకి కాస్త కష్టంగానే తోచింది. అయినా మాటిచ్చింది.

జూన్ నెలలో ఒక సోమవారం పొద్దున్నే బయలుదేరింది. టార్క్వా మీదుగా అగోనా చేరేసరికి ఆకాశం చిల్లుపడినట్టు వాన. అక్కణ్ణుంచి రబ్బరు తోటల మీదుగా పోయే మట్టి రోడ్డు. టాక్సీ ఒకచోట ఇరుసు దాకా కూరుకుపోయింది. తోటి ప్రయాణికులతో కలిసి దుఫియే కూడా దిగి తోసింది. బండి బయటపడింది గానీ ముందు వంతెన మీదుగా నీళ్లు పారుతున్నాయని తెలిసి డ్రైవరు వెనక్కి తిప్పేశాడు. నడుము దాకా బురదతో ఆమె ఇంటికి చేరింది. అన్న ఆమెను ఎగాదిగా చూసి, "అయిందా నీ సముద్రం?" అన్నాడు.

"వంతెన దాకా అయింది. మిగతాది వచ్చే వారం" అంది దుఫియే, వేడినీళ్లు పెట్టుకుంటూ.

ఆ వారమంతా అగోనా డ్రైవర్లకి ఫోన్లు చేసి రోడ్డు సంగతి కనుక్కుంది. నీళ్లు తీశాయని ఒకడు చెప్పాడు. టాక్సీ వద్దు ఆంటీ, మోటారు మూడు చక్రాల బండి అయితే పోతుందని ఇంకొకడు చెప్పాడు. ఇతను ప్రెస్టియా వాడే. నిన్ను పుట్టించిందెవరో తెలుసా అని ఆమె అడగాల్సిన పని కూడా రాలేదు, ఎదురొచ్చి ఎక్కించుకుంటానన్నాడు.

రెండో సోమవారం బస్టాండుకి వెళ్లేసరికి ట్రోట్రో వ్యానులో కిటికీ పక్క సీట్లో పొకువా కూర్చుని ఉంది. ఒళ్లో సంచీ, తలకి కొత్త గుడ్డ, మొఖం అటు తిప్పి.

"నీ కోసం రావట్లేదు. నీకేమన్నా అయితే రేపు సంతలో అందరికీ జవాబు చెప్పుకోలేక వస్తున్నా."

దుఫియే పక్కన కూర్చుని, ఆమె ఒళ్లోని సంచీ తీసుకుని కిందపెట్టింది. టార్క్వా వచ్చేసరికి ఇద్దరూ ఒకే పొట్లంలోని వేరుశెనగలు తింటున్నారు. రబ్బరు తోటల్లో మూడు చక్రాల బండి ఎగిరెగిరి పడుతుంటే, ఇది రోడ్డా, వరుసగా తవ్విన గోతులా అని పొకువా దారి పొడవునా డ్రైవర్ని తిడుతూనే ఉంది. చీకటి పడేలోగా మడుగు దాటించే దోనె ఎక్కారు. అవతలి గట్టున నానా బైదూ నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, ఒంటి కన్నుతో. సీసా అందుకుని, కాస్త ఇసుక మీద పోసి, తామూ సముద్రమూ వింటే చాలు, ఊరంతటికీ చెప్పక్కర్లేదన్నట్టు నెమ్మదిగా సముద్రానికి వాళ్ల పేర్లు చెప్పాడు.

మంగళవారం పొద్దున దుఫియే ఒడ్డుకి వెళ్లింది. రంగులేసిన పడవలు ఇసుక మీద వరుసగా పడుకుని ఉన్నాయి. వలలు కప్పేసి ఉన్నాయి. మనిషి లేడు. ఎకుబా చెప్పినంత సన్నగా లేదు ఇసుక, ఇంకా వెడల్పుగా, కనుచూపు మేరా తెల్లగా ఉంది. తాటాకు పందిరి కింద చాప పరుచుకుని కూర్చుంది.

పక్కన పొకువా అన్నయ్య పిసినారితనం గురించి, పాస్టరుగారి భార్య కట్టు గురించి, అరువు తీసుకెళ్లి మొహం చాటేసిన ఖాతాదారుల గురించి మాట్లాడుతూనే ఉంది. కొంతసేపటికి ఆగి, "నువ్వేం మాట్లాడవేం?" అంది.

"వింటున్నాను."

"నా మాటలేనా?"

"కాదు."

పొకువాకి కోపం వచ్చి అటు తిరిగి పడుకుంది. పడుకున్నది నిజంగానే నిద్రపోయింది.

మొదట దుఫియేకి ఏమీ కాలేదు. చెవుల్లో రాయి మిషన్లు ఆడుతూనే ఉన్నాయి. ఎక్కడో పసిబిడ్డ ఏడ్చినట్టు, ఎవరో వెనక నుంచి పిలిచినట్టు అనిపించి తిరిగి చూసింది. ఎండ ఎక్కింది. అల వచ్చి, ఇసుక మీద పరుచుకుని, వెనక్కి పోతోంది. ఆ మోతలు ఎప్పుడు ఆగిపోయాయో ఆమె గమనించలేదు గానీ, పందిరి నీడ ఇవతలికి జరిగేసరికి చెవుల్లో ఏ చప్పుడూ లేదు. వెనక్కి తిరిగి చూడాలని కూడా అనిపించలేదు. కళ్లలోంచి నీళ్లు కారాయి. దుఃఖం కాదు. చాలాకాలం మోసిన బరువు దింపాక చేతులు వణికినట్టు, అంతే.

సాయంత్రం పొకువా లేచి, ఎవరూ చూడట్లేదు, కాళ్లు తడుపుకుని వద్దాం రమ్మంది. నీళ్లు బారెడు దూరంలో ఉన్నాయి. దుఫియే కాళ్లు నిజంగానే అటు లాగాయి.

"మాటిచ్చాను. ఇవాళ దాన్ని ఎవరూ ముట్టుకోరు" అంది. "రేపు చూద్దాం."

బుధవారం తెల్లవారుతూనే ఒడ్డంతా జనం. పడవ వెళ్లి దూరాన వల చుట్టి వచ్చింది. ఆడామగా తాడు పట్టుకుని, పాట అందుకుని లాగుతున్నారు. దుఫియే కట్టు పైకి దోపుకుని నీళ్లలోకి దిగింది. నానా బైదూ ఆమెకు తాడులో కాస్త చోటు చూపించాడు. ఒడ్డు మీంచి పొకువా, మా అక్కకి అరవై ఏళ్లండీ, వదిలెయ్యండని అరుస్తోంది.

"పిల్లల్ని లాగిన చేతులు కదా," అన్నాడు ముసలాయన, "తాడు లాగలేవా ఏటి?"

నవ్వేలోపే పెద్ద అల వచ్చి దుఫియేని కూలదోసింది. ఎవరో జబ్బ పట్టుకుని లేపారు. ఉప్పునీళ్లు ఉమ్మేసి మళ్లీ తాడు పట్టుకుంది. వల ఒడ్డుకొచ్చాక లాగిన వాళ్లందరితో పాటు ఆమెకూ వాటా చేపలు పెట్టారు. ఆ వాటా చాలదని పొకువా బేరం మొదలుపెట్టి ఇంకో రెండు పెద్దవి వేయించుకుంది.

దోనె ఎక్కేముందు, వానలు పోయి హర్మట్టాన్ పొడిగాలి తిరిగాక మళ్లీ వస్తాననీ, ఈసారి వారం ఉంటాననీ, గది అద్దెకి దొరుకుతుందా అనీ దుఫియే నానా బైదూని అడిగింది. ఆయన కొబ్బరిచెట్ల వెనకున్న నీలం తలుపుల ఇంటిని చూపించాడు. అందులో ఫ్యాను ఉందా అని పొకువా అడిగింది.