తొక్కల్తో పులిసిన రసం

పొద్దున్నే అత్తగారికి ఒళ్ళు తుడిచి, పక్కబట్టలు మార్చి, సారా వంటింట్లోకొచ్చి జాడీ మీద గుడ్డ తీసింది. పైకి తేలిన ద్రాక్ష తొక్కల్ని తెడ్డుతో కిందికి అణిచింది. పంచదార వెయ్యదు, ఈస్టు కలపదు. గులాబీ వాసన వేసే తెల్ల ద్రాక్షని చేత్తో చిదిమి తొక్కల్తో సహా పులవనిస్తే రసం తేనెరంగుకి తిరుగుతుంది. రేపల్లె చర్చిలో ఈస్టరు రోజు ప్రభు సంస్కారంలో అందరికీ తలో గుక్క ఇచ్చేది ఆ రసమే. ఇక స్నానం చేసి తెనాలి బండి పట్టుకోవాలి. అక్కడ బళ్ళో లెక్కలు చెప్పి, సాయంత్రం వచ్చాక మళ్ళీ పక్కబట్టలు.

తెడ్డు పట్టిన మనిషిలో ఏముంటే రసంలోకి అదే దిగేది. అది అందరికీ తెలిసిందే. అత్త మంగాయమ్మ చేసిన రోజుల్లో సంస్కారం తీసుకున్నవాళ్ళు ఇంటిదాకా ఊరికే నవ్వుకుంటూ పోయేవాళ్ళు. సారా మొగుడు మార్కు చనిపోయి, ఆ కొడుకు దిగులుతో ఆవిడ మంచం పట్టాక ఆ పని కోడలికొచ్చింది. అప్పట్నించీ జనం ఆవులిస్తూ ఇళ్ళకెళ్ళి పడుకుంటున్నారు. పాస్టరు అయ్యగారు ప్రసంగం తగ్గించేశారు. ఎవరూ ఏమీ అనలేదు. సారాకే సిగ్గేసి, ఈ ఏడు ఇంకెవరికైనా అప్పజెప్పమని అయ్యగారిని అడిగింది. ఈ ఒక్కసారికీ చెయ్యమన్నారాయన.

ఈస్టరుకి బాపట్ల నుంచి ఆడపడుచు పుష్పలత వచ్చింది. ఎప్పుడొచ్చినా తల్లి పక్కన కాసేపు కూర్చుని, వదినని మెచ్చుకుని, మధ్యాహ్నానికి వెళ్ళిపోయే మనిషి. అత్తని కొన్నాళ్ళు ఉంచుకోమని సారా ఒకసారి అడిగితే, తమది మూడో అంతస్తనీ, లిఫ్టు లేదనీ చెప్పింది.

ఆ ఉదయం చర్చిలో సంస్కారపు బల్ల దగ్గర మోకరించి పుష్పలత ఒక్క గుక్క తాగింది. లేవబోతే మోకాళ్ళు రాలేదు. సారా నడుంనొప్పి, సారా కాళ్ళ పీకులు, ఏళ్ళ తరబడి చాలని నిద్ర ఒక్కసారే మీద పడ్డాయి. సారాయే వచ్చి, చంకల కింద చేతులేసి లేపింది.

ఇంటికొచ్చాక పుష్పలత అన్నానికి కూర్చోలేదు. బీరువా తీసి తల్లి చీరలు సంచిలో పెట్టడం మొదలెట్టింది.

"ఏంటి పుష్పా ఇది?"

"అమ్మని తీసుకెళ్తా వదినా. కింద ఎక్కడైనా అద్దెకి చూసుకుంటాం."

"ఎన్నాళ్ళు?"

పుష్పలత గోడకి చేరబడి ఊపిరి తీసుకుంది.

"నిన్నెవరైనా అడిగారా, ఎన్నాళ్ళని?"

కారెక్కించాక మంగాయమ్మ కోడలి చెయ్యి వదల్లేదు. సారా ఒక్కో వేలూ విడదీసి, ఆ చేతిని ఆవిడ ఒళ్ళో పెట్టింది. కారు మలుపు తిరిగాక లోపలికొచ్చి చాప వేసుకుంది.

కాసేపటికి ఎవరో పిలిచినట్టయి దిగ్గున లేచి కూర్చుంది. ఎవరూ పిలవలేదు. మళ్ళీ పడుకుంది.