జొన్నల పళ్ళెంలో వాచీలు

ఆదివారం పొద్దున లీలాబాయి దుకాణం షట్టరు సగం వరకే లేస్తుంది. పూర్తిగా లేపితే గిరాకీ లోపలికొచ్చేస్తుంది. పూర్తిగా దించి ఉంచితే నాందేడు వజీరాబాద్ బజారులో పోయేవాళ్ళు లోపలేదో గూడుపుఠాణీ నడుస్తోందనుకుంటారు. నిజానికి బజారుకు అంత తీరిక లేదు. కానీ అలాంటి షట్టరు తన కంటబడితే లీలాబాయి తప్పకుండా అనుమానిస్తుంది కాబట్టి, లోకమంతా అలాగే అనుమానిస్తుందని ఆమె లెక్క. జాకెట్ ముక్కలూ లైనింగు గుడ్డా అమ్మే ఆ మనిషి తన మీటరు కర్రను అప్పుడప్పుడు పక్క దుకాణం మీటరు కర్రతో సరిపోల్చి చూసుకుంటుంది. తేడా వస్తే తప్పు పక్క దుకాణానిదే.

ఆ సగం షట్టరు కింద నుంచి వంగి ముగ్గురు లోపలికొస్తారు. గిన్నెల దుకాణం ఆనందం సేటు చంకలో ఇత్తడి పళ్ళెం పెట్టుకుని వస్తాడు. ఉమ్రి మార్కెట్లో రైతుల ధాన్యం కమిషను మీద అమ్మిపెట్టే అడత్తు నడిపే దత్తు సంచీలో జొన్నలు తెస్తాడు. పళ్ళ డాక్టరు ప్రగతి బిస్కెట్లు తెస్తుంది. అందరికంటే చిన్నది కాబట్టి ఆమెను ఇంకేమీ తెమ్మనరు. నలుగురి చేతులకూ ఆర్వెన్ వాచీలుంటాయి.

ఆర్వెన్ స్విట్జర్లాండు కంపెనీ. తాతల కాలంలో హైదరాబాదు నుంచి వచ్చిన ఏజెంటొకడు నాందేడు వ్యాపారులకు ఒక పెట్టెడు ఆర్వెన్‌లు అంటగట్టి పోయాడు. పలచగా, తెల్లటి మొహంతో, రోజూ చావి ఇస్తే తప్ప నడవని వాచీలు. కంపెనీ పేరు కూడా కళ్ళు చికిలించి వెతికితేగాని కనబడదు. ఆ పెట్టెలోవే చేతులు మారుతూ ఇప్పటికీ ఊళ్ళో తిరుగుతున్నాయి. చేతులు మారేది మాత్రం పళ్ళెం మీదే.

పళ్ళెంలో జొన్నలు పోసి అరచేత్తో చదును చేస్తారు. వాచీలన్నీ తీసి నడిమధ్య పెడతారు. చుట్టూ కూర్చుని చాయ్ తాగుతారు, ఎవరూ పళ్ళేన్ని ముట్టుకోరు. ఏ వాచీకైనా ఎవరి మీదైనా నమ్మకం కుదిరితే, అది జొన్నల మీద చీమ నడకన జరుగుతూ ఆ మనిషి ముందున్న అంచుకు చేరుతుంది. చేరిందంటే ఇక ఆ మనిషిదే. ఇచ్చేవాడు పైసా తీసుకోకూడదు. పుచ్చుకున్నవాడు అమ్మకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు, మళ్ళీ పళ్ళెం ఇప్పిస్తే తప్ప. చాలా ఆదివారాలు ఏదీ కదలదు. వారం వారం ఇల్లు మారాలని వాచీలకు మాత్రం ఏముంటుంది.

లీలాబాయి వాచీ దేవన్న అనే ముసలి వ్యాపారి దగ్గర నుంచి నడిచొచ్చింది. అది ఆమె భర్త పోయిన ఏడు. ఒంటరి ఆడదానికి సరుకు పంపాలా వద్దా అని పెద్ద వ్యాపారులు నసుగుతున్నారు. ఆవేళ ఆమె చాయ్ అందించి గోడకానుకుని నిలబడితే, దేవన్న వాచీ పళ్ళెం చుట్టూ గద్దె పరుపు మీద కూర్చున్న పెద్దమనుషులందరినీ వదిలేసి ఆమె వైపుకు నడిచింది. సాయంత్రానికి దుకాణం ముందు సరుకు దిగింది. పళ్ళెం నమ్మిన మనిషిని నమ్మనని బజారులో ఎవరూ అనలేరు. అప్పటినుంచి ఆ వాచీయే ఆమె పూచీ. అది చేతినుంచి పోతే తన మాటకు విలువుంటుందా అన్న భయం ఆమెకు లోపల ఉండనే ఉంది. ఎవరితోనూ అనలేదంతే.

ఆ భయం ఈమధ్య పెరిగింది. ఆర్వెన్ కంపెనీ కొత్తవాళ్ళ చేతుల్లోకి పోయి దారి మార్చింది. ఇప్పుడు వాచీలు లావుగా, పచ్చగా, నీలంగా వస్తున్నాయి. పేరు వీధి అవతలికి కనబడుతుంది. సినిమా హీరో చేతికి పెట్టి ముంబైలో గోడలంత బొమ్మలు కట్టారట. అన్నిటికంటే కొత్త కబురేమిటంటే, పాత వాచీలు ఇక బాగు చెయ్యరు. పాతది వాపసిస్తే దాని బదులు కొత్తది ఇస్తారు.

"కంపెనీ బతకాలె గదా అక్కా," అంది ప్రగతి ఆ ఆదివారం. "మా పేషెంట్లు నా వాచీ జూసి, మీ అమ్మమ్మదా డాక్టరమ్మా అనడుగుతున్నరు. పచ్చ డయలుది మస్తుగున్నది."

"నాక్కూడ కొత్తదే మంచిగనిపిస్తున్నది," అన్నాడు ఆనందం. "పెట్టుకుంటె నలుగురికి కనబడాలె. గీ పాతది అంగీ చేతుల కింద గప్‌చుప్ పండుకుంటది."

దత్తు ఒప్పుకోలేదు. "గంత సాఫ్ పని చేసేటోళ్ళు ఒక్కపారిగ రంగులు పూసుడు సురువు చేసిండ్రంటె, లోపల పనితనం తగ్గిచ్చినట్టే. నేను ధాన్యంల జూస్త గదా. పైన మెరిసే కుప్పనే ముందుగల లోపలికెల్లి గెలికి జూస్త."

"రంగు ఏదన్న ఏసుకోని," అంది లీలాబాయి. "చేసినోడే బాగు చెయ్యనంటున్నడు సూడుండ్రి, నాకు ఆడ శక్ పుట్టింది. పాతయి వాపస్ అడుగుతున్నడంటె, వాటితోని వానికేదో పనున్నది."

"నీకు అన్నిట్ల శకేనా లీలక్కా? గా ముచ్చటేందో కంపెనీ మనిషినే అడుగు. ఇంకింతసేపట్ల అస్తడు," అన్నాడు ఆనందం, ఆమె మొహం చూడకుండా.

"ఎవలు పిలిచిండ్రు?"

"నేనే. మన అభిప్రాయాలు తెలుసుకుంటడట."

లీలాబాయి బిస్కెట్టు కింద పెట్టేసింది. స్విట్జర్లాండులో కూర్చున్నవాళ్ళకు వజీరాబాద్ అభిప్రాయం దేనికి? మొన్నటిదాకా చావి అరిగిపోయిందని ప్రగతి ఉత్తరం మీద ఉత్తరం రాస్తే ఉలకని పలకని కంపెనీ, ఇవాళ మనిషినే పంపిస్తోందా? ఆనందానికి ఏం ఆశ చూపించారో అనుకుంది. ప్రగతికి ముందే తెలుసేమో అని కూడా అనుకుంది. దత్తును ఇంకా ఏమీ అనుకోలేదు, అతని వంతు రాలేదు.

వచ్చినతను పేరు శుభం అని చెప్పుకున్నాడు. ముప్పైకి కాస్త అటూ ఇటూ ఉంటాడు. చేతికి లావుపాటి పచ్చ వాచీ, పక్కన నల్ల పెట్టె. లీలాబాయి అతన్ని సరిగ్గా తనకెదురుగా కూర్చోబెట్టుకుంది. ముగ్గురూ తలా ఒకటి చెప్పారు. ప్రగతి రంగులు పొగిడింది, దత్తు పనితనాన్ని అనుమానించాడు, ఆనందం ఇద్దరినీ సమర్థించాడు. శుభం తలాడిస్తూ శ్రద్ధగా విన్నాడు. లీలాబాయి మాత్రం అతని చేతులనే చూస్తూ కూర్చుంది.

"నీది ఏ ఊరు బేటా?" అని అడిగింది చివరికి.

"ఉమ్రి, మౌషీ," అన్నాడు, పిన్నీ అని మరాఠీలో పిలుస్తూ.

దత్తు మొహం విప్పారింది. లీలాబాయికి అనుమానం ఇంకాస్త బిగిసింది. మన దిక్కువాణ్ణే ఏరి పంపారంటే, మనల్ని మెత్తబరచటానికే.

"ఒక ముచ్చట చెప్పు. మేమందరం ఇంతసేపు గొంతెండంగ చెప్పినం. నువ్వు ఒక్క ముక్క రాసుకోలె. ఎందుకు?"

శుభం తన పచ్చ వాచీని చూసుకున్నాడు. "అడగమన్నరు మౌషీ. రాసుకొమ్మనలె."

"మరి దేనికి అచ్చినవ్?"

"పాత వాచీలు తీస్కపోనీకె. బయటి దేశాలల్ల గీటికి మస్తు గిరాకున్నదట, కంపెనీ మల్ల అమ్ముకుంటది. గా సంగతి మీకు చెప్పొద్దన్నరు." అతను తల దించుకున్నాడు. "ఉట్టి చేతులతోని పోతె నా కొలువుండది. గని మీరు గింత మనసు పెట్టి చెప్తుంటె అబద్ధమాడబుద్ధి అయితలేదు."

దత్తు గొంతు సవరించుకున్నాడు. ఆనందం సిగ్గుపడి పళ్ళెం తుడవటం మొదలుపెట్టాడు. లీలాబాయి ఒక్కతే చలించలేదు. ఇంత సులువుగా నిజం చెప్పేశాడంటే దీని వెనక ఇంకా పెద్ద ఎత్తుండాలి. అబద్ధమైతే పట్టుకోవచ్చు. ఈ నిజాన్ని ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు.

"ఇగ పళ్ళెం ఏసుకుందాం," అన్నాడు ఆనందం.

"బయటి మనిషున్నడు గదా," అంది ఆమె.

"గద్దె మీద కూసున్నోణ్ణి లేపుడు మన పళ్ళెం ఖాయదల లేదు లీలక్కా. నీకు తెల్వంది గాదు."

తెలుసు. ఒకప్పుడు గద్దె కిందున్న తననే పళ్ళెం కాదనలేదు. కానీ ఇప్పుడు ఏ వాచీ అయినా ఈ శుభం వైపు నడిస్తే అది నేరుగా నల్ల పెట్టెలో పడి సముద్రాలు దాటిపోతుంది. తనది నడిస్తే?

ప్రగతి కొత్త వాచీలు చూపించమని అడిగింది. శుభం పెట్టె తెరిచాడు. ముగ్గురి తలలూ పెట్టె మీదికి వంగిన క్షణంలో, లీలాబాయి చేతికందిన లైనింగు గుడ్డను మడతలు పెట్టి, శుభం వైపు పళ్ళెం అంచు కిందికి తోసేసింది. అంచు కాస్త లేచింది. ఎంత ఇష్టం పుట్టినా వాచీ ఎత్తు ఎక్కలేదు కదా అని ఆమె ఉపాయం. జొన్నలు పోసి పైన చదును చేశాక అంచు లేచిన సంగతి ఎవరికీ కనబడలేదు.

వాచీలు పెట్టారు. ప్రగతి పట్టుబట్టడంతో శుభం తన పచ్చ వాచీని కూడా వాటి పక్కన పెట్టాడు. చాయ్ వచ్చింది.

మొదట పచ్చ వాచీ కదిలింది. దాని బరువుకు కింది జొన్నలు జరిగి, గబగబా జారి లీలాబాయి ముందు అంచుకు తగిలింది. జొన్నలు పక్కలకు సర్దుకునేసరికి ఆనందం వాచీ కదిలింది. తర్వాత దత్తుది. తర్వాత ప్రగతిది. ఒకదాని వెనక ఒకటి అన్నీ లీలాబాయి వైపే వస్తున్నాయి. ఆమె చాయ్ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. ఇది ఆమె తలచింది కాదు. శుభాన్ని ఆపటం గురించి ఆలోచించిందే గాని, ఏటవాలు ఎవరి వైపుంటుందో ఆలోచించలేదు.

"ఇదేంది లీలక్కా," అన్నాడు ఆనందం. "అన్నీ నీ దిక్కే అస్తున్నయ్."

"పళ్ళెం చెప్పినంక మనమేమంటం," అన్నాడు దత్తు. ఆ మాట అంటూ బోసిగా ఉన్న మణికట్టు రుద్దుకున్నాడు. "అక్కకే ఇచ్చుడు." పచ్చ డయలు కావాలన్న ప్రగతి తన పాత వాచీ మీద నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయింది. కళ్ళు తుడుచుకుంది కూడా.

ఎవరూ ఆమెను అనుమానించలేదు. పళ్ళెం కింద చూద్దామని ఒక్కరికీ తోచలేదు. ఇన్నేళ్ళుగా వీళ్ళ ముగ్గురినీ తను ఎన్నెన్ని అనుకుంది! లీలాబాయికి మొహం కాలిపోయినట్టయింది. కింద పడి ఏడవాలన్నంత సిగ్గేసింది.

అప్పుడు చూసింది తన వాచీని. అదొక్కటే జారలేదు. మిగతావన్నీ దిగుతుంటే అది ఎదురెక్కుతోంది. కాలి కింద జొన్న జారితే కొంచెం ఆగి, మళ్ళీ కదిలి, మళ్ళీ ఆగి, చివరికి శుభం ముందున్న ఎత్తు అంచుకు చేరి అక్కడ నిలబడింది.

లీలాబాయి చెయ్యి చాపి గుడ్డను బయటికి లాగింది. పళ్ళెం టక్కుమని కింద ఆనింది.

"నేనే పెట్టిన," అంది. "జారినయ్ చెల్లవు. ఎవలయి వాళ్ళు తీస్కోండ్రి."

దత్తు గుడ్డను చూశాడు, ఆమెను చూశాడు. "గట్లయితె ఇయ్యాల పళ్ళెమే చెల్లది. అచ్చే ఆదివారం మల్ల ఏద్దాం."

"కాదు. గదొక్కటి ఎక్కింది. గది చెల్లుతది."

శుభం వాచీని ముట్టుకోలేదు. "నాకొద్దు మౌషీ. నా చేతికి చూస్తె కంపెనీ గుంజుకుంటది."

"పళ్ళెం ఇచ్చింది ఇంకొకలకు ఇయ్యనీకె నీకు లేదు," అన్నాడు ఆనందం.

"మరి నా కొలువు?"

దత్తు తన వాచీని చేతికి కట్టుకుని బెల్టు సరిచూసుకున్నాడు. "ఉమ్రిల మా అడత్తు కాడ కాంటా చూసేటోడు కావాలె," అన్నాడు. "ఇటు రైతుకు, అటు నాకు నమ్మకం ఉండేటోడు దొరుకుతలేడు. అస్తవా?"

శుభం పచ్చ వాచీని తుడిచి నల్ల పెట్టెలో పెట్టాడు. మూత వేసి, రేపు కొరియరులో ముంబైకి పంపించమని ఆనందానికి ఇచ్చాడు. కొత్త వాచీ కోసం అతన్ని పిలిపించిన ఆనందం మూత కూడా తెరిచి చూడకుండా పెట్టెను పక్కన పెట్టుకున్నాడు. అప్పుడు శుభం రెండు చేతులతో ఆ తెల్ల మొహం వాచీని అందుకున్నాడు.

"బజారుల అడుగుతరు. ఏం చెప్దాం అక్కా?" అంది ప్రగతి మెల్లగా.

"వాచీ పోయిందని చెప్పుండ్రి. గుడ్డ పెట్టినట్టు గూడ చెప్పుండ్రి."

"పెట్టినామెనే తీసిందని గూడ చెప్తం," అన్నాడు దత్తు.

లీలాబాయి తల ఊపింది. బజారు ఏమంటుందో ఆమెకు తెలియదు. తెలియకపోయినా ఫరవాలేదని ఆ పూట మొదటిసారి అనిపించింది. వాచీ పాత బెల్టు ఏ రంధ్రంలో పెట్టుకోవాలో శుభానికి తెలియలేదు. ఆమే వంగి కట్టింది.

"పొద్దున లేవంగనె చావి ఇయ్యాలె. మెల్లగ తిప్పు. గట్టిగయితున్నదంటె ఆపెయ్యి, జబర్దస్తి చెయ్యకు."

"రోజూ మరువకుండ ఇస్త మౌషీ. నమ్ము."

"నేను నమ్మ," అంది లీలాబాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. "ప్రతి ఆదివారం తెచ్చి సూపియ్యి."

శుభం ఆమె కాళ్ళకు మొక్కబోయాడు. ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుని, గద్దె మీద తన పక్కన అతనికి జాగా చూపించింది.