ఇత్తడి గుడ్లగూబ ముసుగు

నిర్మాత డాన్ క్రిసోఫోరో తుమ్మితే నాలుగు వీధుల అవతల కూడా "నూరేళ్ళు" అనేవాళ్ళు, మెక్సికో నగరంలో ఆయన పేరు అంత మోగేది. ఇత్తడి గుడ్లగూబ అనే ముసుగు మల్లుడితో ఆయన తీసిన మొదటి సినిమాకి మా పేట హాల్లో పడ్డ చప్పట్లకి పైకప్పు పెచ్చులూడి, ముందు వరసవాళ్ళంతా తెల్లజుట్టుతో ఇళ్ళకెళ్ళారు. ఆ చప్పట్లన్నీ మొసలితో కుస్తీకే.

నిజానికి షూటింగ్ రోజు మొసలిని చూడగానే మల్లుడు చెట్టెక్కాడు. మిగతావాళ్ళూ చెట్లెక్కి కళ్ళు మూసుకున్నారు. అక్కడ తమాలెలు, అంటే ఆకులో ఉడికించిన మొక్కజొన్న ముద్దలు, అమ్ముకునే నికనోర్‌కి నిర్మాత ఆ గుడ్లగూబ ముసుగు తొడిగి కాలవలోకి దింపి, కెమెరా తనే తిప్పాడు. నికనోర్ దాని తోక పట్టి గిరగిరా తిప్పితే, ఆ మొసలి సిగ్గుతో కూడు మానేసింది. ఒడ్డున వాడి బండి కాసింది నేనే.

"ఎవరికీ చెప్పకు బావా, గుడ్లగూబ పరువు పోతుంది" అని నిర్మాత నికనోర్‌ని బతిమాలాడు.

నికనోర్ పెళ్ళానికి కూడా చెప్పలేదు. సినిమా చూస్తూ ఒబ్దూలియా వదిన "మగాడంటే వాడు, నీకు బల్లంటేనే భయం" అంటే నవ్వి ఊరుకున్నాడు. నిర్మాత మాత్రం ఆనాటి నుంచీ ఏ సన్మానానికెళ్ళినా చప్పట్లు వినపడకుండా చెవుల్లో దూది పెట్టుకునేవాడు.

నికనోర్ పోయాడు. ముసుగు మల్లుణ్ణి ముసుగుతోనే పూడ్చడం మాలో ఆచారం. ఆ సాయంత్రమే తనకి నగర సన్మానం ఉన్నా, నిర్మాత ముసుగు పట్టుకుని శవం దగ్గరికొచ్చాడు.

"నిజం చెప్పి తొడుగుతారా, చెప్పకుండానా?" అన్నాను.

"చెప్పే తొడుగుతా తమ్ముడూ. ఇంక మొయ్యలేను."

తొడిగి, అందరి వైపూ తిరిగాడు. "మొసలితో పోరాడింది ఇతనే. ఆ చప్పట్లు ఇతనివి. నేను దోచుకున్నాను."

మంగలి త్రాంకిలీనో కళ్ళు తుడుచుకున్నాడు. "చూశారా, తమాలెలవాడికి ఎంత మర్యాద చేస్తున్నాడో. నిండుకుండ తొణకదంటారు ఇందుకే."

అందరూ చప్పట్లు కొట్టారు. "కాదయ్యా, నిజం" అని ఆయన మొత్తుకున్నకొద్దీ ఇంకా కొట్టారు. ఆయన కుంచించుకుపోయి చివరికి కోటు మాత్రమే నిలబడ్డట్టుంది.

వదిన చప్పట్లు కొట్టలేదు. "నిజమేనా మరిదీ?" అంది.

"నిజమే వదినా."

ఆవిడ మెల్లగా శవానికి ముసుగు విప్పింది. ముసుగు విప్పడమంటే మాలో తల తీసినంత పని. అందరూ గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నారు.

"వీడు దాక్కున్నది చాలు, ముఖంతోనే వెళ్తాడు" అని ముసుగు నిర్మాత చేతిలో పెట్టింది. "సన్మానానికి ఇది మీరు తొడుక్కెళ్ళండి అయ్యా. ముఖం లేకుండా చప్పట్లు వినడం ఎలా ఉంటుందో చూడండి."

ఆయన నిజంగానే తొడుక్కెళ్ళాడు. సన్మాన సభ వాకిట్లో కాపలావాడు గుర్తుపట్టక బయటే ఆపేశాడు. లోపల ఆయన పేరు చదివారు, చప్పట్లు వీధి చివరిదాకా వినిపించాయి. ముసుగు తీస్తే సరిపోయేది.

తీయలేదు. చెవుల్లో దూది మాత్రం తీసేశాడు.