ఇస్త్రీపెట్టె సినిమాలో ఒక్క మాట

పత్రికలో సమీక్ష పడిన రోజు పొద్దున్నే, మాటలమ్మ అత్తగారిని నిద్ర లేపి మరీ దాన్ని చదివి వినిపించింది. చదివిందనడం మర్యాదకి. పళ్ళు నూరుతూ ఒక్కో ముక్కా నమిలి ఉమ్మింది.

"'రెండు గంటలపాటు రక్తం పారించిన ఈ కొరియా చిత్రంలో ఉన్నది ఒక్కటే గొప్ప క్షణం, చివరి నిశ్శబ్దం. మన డబ్బింగ్ రచయిత్రి నోరు మూసుకుని ఉండలేక దాన్ని కూడా పాడుచేశారు.' విన్నారా అత్తయ్యా? నోరు మూసుకుని ఉండలేకట."

"ఎవడే వాడు రాసింది?"

"వాడేమిటి అత్తయ్యా, మా బాబాయ్."

అత్తగారు చటుక్కున లేచి కూర్చుంది. మాటలమ్మ తండ్రికి సొంత తమ్ముడు ఆయన. జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ సినిమా సమీక్షలు రాస్తున్నాడు, అందరూ కత్తెర బాబాయ్ అంటారు. ఇంటికొస్తే వెన్నలాంటి మనిషే. కలం పట్టాడా, తన పర అని చూడడు. పైగా ఆ రచయిత్రి అన్న కూతురని తెలిసే రాశాడు, అదీ మాటలమ్మ మంట.

మాటలమ్మ అనేది స్టూడియోలో పెట్టిన పేరు. పరాయి దేశాల సినిమాలకి మన మాటలు రాయడం ఆమె పని. వినడానికి దర్జాగా ఉంటుంది కానీ ఒట్టి బానిస బతుకు. తెర మీద మనిషి పెదవులు ఎక్కడ కలిస్తే మన మాటా అక్కడే కలవాలి. వాళ్ళు "పో" అనడానికి మూరెడు పొడుగు మాట వాడితే మనమూ మూరెడు సాగదీయాలి. ప్రేమించానని చెప్పే చోట పెదవులు కలవక "సరేలే" అని రాసిన రోజులున్నాయి. స్వేచ్ఛ దొరికేది ఒక్కచోటే, ఆ మనిషి అటు తిరిగి నిలబడ్డప్పుడు. "వీపు కనబడితే మాట మనది" అని స్టూడియోలో అందరూ అనుకునేదే.

ఈ సినిమా ఒక తల్లి కథ. ఇస్త్రీ దుకాణం నడుపుకునే మనిషి. ఆవిడ కూతుర్ని చంపినవాడు పలుకుబడితో బయటపడతాడు. ఆవిడ ఇస్త్రీపెట్టె పట్టుకుని బయల్దేరుతుంది. అబద్ధపు సాక్షులు, లాయరు, అడ్డొచ్చిన అందరూ అయ్యాక ఆఖరికి వాడు. వాడు కూలాక ఆవిడ మనకి వీపు పెట్టి అలాగే నిలబడిపోతుంది. అసలు సినిమాలో అక్కడ మాటే లేదు. హక్కులు కొన్న నిర్మాతకి గుండె జారింది.

"అంతసేపు చప్పుడు లేకపోతే సౌండు పోయిందని జనం కుర్చీలు విరగ్గొడతారు మేడమ్. ఏదో ఒకటి పెట్టండి. నా పగ తీరింది అని పెట్టండి, ఒక పనైపోతుంది."

మాటలమ్మ ఆ ముక్క పెట్టలేదు. వారం పాటు తిండి సయించక, నిద్ర పట్టక, "ఇప్పుడు నేనేం చెయ్యను?" అని పెట్టింది. అంతే. ఇన్నేళ్ళలో ఎవరి పెదవులూ కొలవకుండా, తన మనసుకి తోచినట్టు రాసిన మొదటి మాట అది.

సమీక్ష నాలుగోసారి చదువుతుండగా ఆ నిర్మాతే ఫోను చేశాడు. మిగతా పత్రికలవాళ్ళు సినిమా సంగతి ఎవరికి తోచినట్టు వాళ్ళు రాశారట. ఒకాయనకి అది హింస కాదు, కవిత్వం. ఇంకొకావిడ ఇకమీద బట్టలు లాండ్రీకి వెయ్యనని ఒట్టు పెట్టుకుంది. ఆ చివరి మాట దగ్గర మాత్రం అందరిదీ ఒకటే తిట్టు.

"మాట లేని కాపీ కూడా సిద్ధంగా ఉంది మేడమ్. ఇవాళే కదా విడుదల, మార్నింగ్ షో చూద్దాం. జనం నవ్వారంటే మ్యాట్నీ నుంచి ఆ ముక్క ఉండదు. మీరేమీ అనుకోకండి."

పెట్టమన్నవాడే తీసేస్తానంటే ఏమనుకోవాలి? మాటలమ్మ ఫోను పెట్టేసి చెప్పులు వేసుకుంది.

"నేనూ వస్తున్నా," అంది అత్తగారు.

"రక్తం చూస్తే మీకు కళ్ళు తిరుగుతాయి కదా."

"తిరిగితే పట్టుకో. కోడలి మాట నిలబడుతుందో లేదో తెలియకుండా ఇంట్లో కూర్చుంటే ఎలాగూ తిరుగుతాయి."

హాలు దగ్గర ఇసక వేస్తే రాలనంత జనం. ఏ సినిమా చూడొద్దంటే దానికే ఎగబడడం మనిషి గుణం. రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చిన నర్సులున్నారు, ఆఫీసు ఎగ్గొట్టిన మగవాళ్ళున్నారు. రెండు వరసల ముందు ఒక బట్టతల మాటలమ్మకి బాగా తెలిసిందే. కత్తెర బాబాయ్. ప్రెస్ షోలో ఒకసారి చూసిన సినిమాకి మళ్ళీ ఎందుకొచ్చినట్టు? పుండు మీద కారం చల్లడానికి కాకపోతే.

సినిమా మొదలైంది. ఇస్త్రీపెట్టె మొదటి దెబ్బకి హాలంతా "అమ్మో" అంది. రెండో దెబ్బకి ఈల పడింది. ఆ తర్వాత ఇక పట్టపగ్గాల్లేవు. "అక్కా, వెనకాల!" అని ఒకడు హెచ్చరిస్తాడు. "ప్లగ్గు పెట్టక్కా, వేడెక్కనీ," అని ఇంకొకడు సలహా ఇస్తాడు. అబద్ధపు సాక్షి గోడకి కొట్టుకుని జారిపోతే నర్సులంతా చప్పట్లు కొట్టారు. అత్తగారు మొదట చేతిసంచీ మొహానికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి సంచీ గడ్డం దాకా దిగింది, ఇంకాసేపటికి ఒళ్ళోకి వచ్చేసింది.

"మోకాలి మీద కొట్టవే పిచ్చిదానా, లేవకుండా పడుంటాడు," అంది.

ఇంటర్వెల్లో కోడలి చెయ్యి పట్టుకుంది. "ఆ లాయరు ఇంకా బతికే ఉన్నాడుగా. వాడి వంతు ఎప్పుడు?"

"చూస్తారుగా అత్తయ్యా."

"రాసినదానివి, నాకు కూడా చెప్పవా?"

లాయరు వంతూ వచ్చింది. హాలు పగలబడి నవ్వింది. ఆ నవ్వు వినగానే మాటలమ్మకి భయం పట్టుకుంది. చావుకే ఇంతలా నవ్వుతున్న జనం తన మాటకి నవ్వకుండా ఉంటారా? నిర్మాత తలుపు దగ్గర నిలబడి తెరని కాకుండా జనాన్ని చూస్తున్నాడు.

ఆఖరివాడు కూలాడు. కాగితాలు గాల్లోకి ఎగిరాయి, కుర్చీలెక్కి అరిచారు. తెర మీద ఆ తల్లి అటు తిరిగి నిలబడింది. నెత్తురోడుతున్న చేతిలోంచి ఇస్త్రీపెట్టె జారింది. జనం మెల్లగా సద్దుమణిగారు. అప్పుడు అలిసిపోయిన గొంతుతో ఆ మాట వచ్చింది.

"ఇప్పుడు నేనేం చెయ్యను?"

కుడిమూల ఎవరో కిసుక్కుమన్నారు. అయిపోయింది అనుకుంది మాటలమ్మ. ఒకడు మొదలుపెడితే చాలు, మిగతావాళ్ళు అందుకుంటారు. నిర్మాత అప్పుడే ఫోను తీశాడు.

వెనక వరసల్లోంచి ఒక ఆడగొంతు పలికింది. వేళాకోళం కాదు, పక్కింటామెతో మాట్లాడినట్టే.

"ఇంటికి పోమ్మా."

కిసుక్కుమన్న మూల గప్‌చిప్‌గా అయిపోయింది.

"ముందు కాసేపు కూర్చో తల్లీ," అన్నాడు ఇంకెవరో పెద్దాయన.

"ఆ చేతికి కట్టు కట్టించుకో," అంది నర్సు.

"పోలీసులొస్తారు, పారిపో అక్కా."

"పారిపోవడమేంటి, లొంగిపొమ్మను. మనం లేమా సాక్ష్యానికి?"

"నీ సాక్ష్యం ఎవడిక్కావాలయ్యా, ముందు ఆవిణ్ణి కాస్త పడుకోనివ్వు."

హాలు హాలంతా ఆ వీపుతో మాట్లాడుతోంది. రెండు గంటలు చంపు చంపు అని అరిచినవాళ్ళే, ఆవిడ ఇక ఎలా బతకాలో ఒకరితో ఒకరు తగువు పడుతున్నారు. అత్తగారు లేచి నిలబడింది.

"నీకెవరూ లేరనుకోకే. ఇంతమందిమి ఉన్నాం," అంది తెరతో.

మాటలమ్మకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పేర్లు పడ్డాయి, దీపాలు వెలిగాయి, ఐనా కుర్చీల్లోంచి ఎవరూ కదలరే.

బయట వరండాలో నిర్మాత పరిగెత్తుకొచ్చాడు. "ఆ మాట జోలికి ఎవడొచ్చినా ఊరుకోను మేడమ్," అన్నాడు, తీసేస్తానన్నది మరెవరో అయినట్టు. అని మళ్ళీ లోపలికి పరిగెత్తాడు.

కత్తెర బాబాయ్ నెమ్మదిగా మెట్లు దిగి వచ్చాడు. మాటలమ్మ చేతులు కట్టుకుని ఎదురు నిలబడింది.

"ఇప్పుడు సమీక్ష మార్చి రాస్తారా బాబాయ్?"

"మార్చను. అక్కడ నిశ్శబ్దమే ఉండాలి. ఇప్పటికీ అదే మాట."

"అంతమంది జవాబు చెప్పారుగా."

"జనం కదా, చెప్తారు. ప్రెస్ షోలో మేం కూర్చున్నాం. గడ్డాల కింద చేతులు పెట్టుకుని, ఒక్కడూ కిక్కురుమనలేదు." ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. "ఇవాళ ఆ గోలలో నేనూ ఏదో అన్నాను. ఎవరికీ వినపడలేదులే."

"ఏమన్నారు?"

బాబాయ్ మాటలమ్మవైపూ అత్తగారివైపూ చూడకుండా, బయట బళ్ళు పెట్టిన వైపు చూస్తూ చెప్పాడు.

"నా స్కూటరుంది, రా తల్లీ, ఇంటి దగ్గర దింపుతాను అన్నాను."